ఇంటి సామాను రాసిచ్చి తెచ్చే అప్పు

మా వాడకట్టులో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఒకసారి నా చేతుల మీదుగా పోవాల్సిందే. నల్లగొండలో టీచర్ ఉద్యోగంతో పాటు వచ్చిన అదనపు డ్యూటీ ఇది. కరెంటు ఆఫీసు నోటీసులు, కాలేజీ బాండ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు కుదరదని రాసిన ఉత్తరాలు, అన్నీ చదివిపెడుతుంటాను. ఈమధ్య మా ఎదురు వరుసలో ఉండే ఒక చెల్లె తన అప్పు ఒప్పందం పట్టుకొచ్చింది. ఆమె బట్టలు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. బిడ్డ నర్సింగ్ కాలేజీ ఫీజు కోసం ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 60 వేలు తీసుకున్నారు. రెండు కిస్తీలు తప్పాయి. "ఇంట్లో సామానంతా ఇప్పుడు మా కంపెనీదే" అని వసూలుకు వచ్చిన అబ్బాయి అన్నాడట. అది నిజమా, ఉత్తి బెదిరింపా అన్నది ఆమె ప్రశ్న.

ఒప్పందం చివర ఒక పట్టిక ఉంది. టీవీ ఒకటి, ఫ్రిజ్ ఒకటి, బీరువా ఒకటి, మంచాలు రెండు, గ్యాస్ స్టవ్ ఒకటి, మిక్సీ ఒకటి, కుట్టు మిషన్ ఒకటి. అప్పు తీరేదాకా వీటి మీద కంపెనీకి చార్జి, అంటే బాకీ కింద హక్కు, ఉంటుందనీ, కిస్తీ తప్పితే స్వాధీనం చేసుకోవచ్చనీ పైన రాసుంది. ఒక్కో వస్తువుకూ ఫోటో. అప్పు మంజూరుకు ముందు ఇల్లు చూడటానికి వచ్చిన అబ్బాయి ఫోన్‌లో తీసుకున్నవి.

"నేను ఇల్లు మంచిగున్నదో లేదో చూస్తున్నడనుకున్న సార్. మంచం మీద బట్టలుంటే నేనే తీసి పక్కకు పెట్టిన, ఫోటో మంచిగ రావాలని," అంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతికి నగదు ఇచ్చే అప్పుకు ఇంట్లో రోజూ వాడుకునే సామానును తాకట్టుగా రాయించుకోవడం చెల్లకూడదు. ఇష్టపడి సంతకం పెట్టినా చెల్లకూడదు. వినడానికి ఇది అందరూ ఒప్పుకునే మాటలాగే ఉంటుంది కానీ, లోపలికి పోతే చిక్కులు చాలానే ఉన్నాయి.

పాత సామాను ధర

గడియారం సెంటర్ అవతల పాత సామాను కొనే దుకాణం ఒకటుంది. ఆ పట్టిక చదివి వినిపించి, ఎంతిస్తావని అడిగాను. ఐదారేండ్ల ఫ్రిజ్‌కు రెండు మూడు వేలు చెప్పాడు, అదీ కంప్రెసర్ బాగుంటేనే. కొత్త టీవీలే కిస్తీల మీద దొరుకుతుంటే పాతది ఎవరికి అమ్మాలన్నాడు. బీరువాను ఇనుము కింద తూకమేస్తానన్నాడు. మంచాల మాట ఎత్తితే నవ్వాడు. "ఒకరు పండుకున్న మంచం ఇంకొకరు కొంటరా సార్?" కుట్టు మిషన్‌కు మాత్రం గిరాకీ ఉందట. మొత్తం కలిపినా అప్పులో ఐదో వంతు తేలలేదు. ఆటో కిరాయి, హమాలీ ఖర్చు తీసేస్తే ఇంకా తక్కువ.

ఈ లెక్క కంపెనీకి తెలియదనుకోను. తెలిసే రాయించుకుంది. ఆటో వచ్చి వాకిట్లో ఆగుతుందనీ, అందరూ చూస్తుండగా ఫ్రిజ్ బయటికి పోతుందనీ ఇంటివాళ్లకు ఉండే భయమే అక్కడ అసలు తాకట్టు. ఎకరం భూమి ఎవరి చేతిలో ఉన్నా ఎకరమే, దాని ధర అప్పిచ్చినవాడికీ తెచ్చుకున్నవాడికీ ఒకటే. వాడిన మంచం ధర అప్పిచ్చినవాడికి దాదాపు సున్నా. పోగొట్టుకున్న ఇంట్లో మాత్రం ఆ రాత్రి నుంచే నేల మీద పడుకోవాలి. సహకార అప్పు కట్టలేదని ఇంటి తలుపులు ఊడబీక్కుపోయిన రోజులు మా నాన్న తరానికి బాగా గుర్తు. తలుపు అమ్మితే బాకీ తీరదని పీకినవాళ్లకూ తెలుసు. తలుపు లేని ఇంట్లో ఆడపిల్లలు ఎట్లా పడుకుంటారన్నదే వాళ్ల ధీమా.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే సంగతిని ఏండ్ల తరబడి విచారించి 1984లో ఒక నియమం తెచ్చింది. 1985 మార్చి 1 నుంచి అది అమల్లో ఉంది. వస్తువు మన ఇంట్లోనే ఉండగా దాని మీద హక్కు రాయించుకునే పద్ధతిని ఇంటి సామాను విషయంలో నిషేధించారు. బట్టలు, మంచాలు కుర్చీలు, వంట సామాను, దుప్పట్లు, ఇంట్లో వాడే మిషన్లు, ఒక రేడియో, ఒక టీవీ, పెళ్లి ఉంగరం అందులోకి వస్తాయి. ఆ సామాను కొనడానికే ఇచ్చిన అప్పుకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ తాకట్టుకు అమ్మకపు విలువ లేదు, బెదిరించడానికి మాత్రమే పనికొస్తుంది అన్నదే కమిషన్ చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. మా పాత సామాను దుకాణం అతను చెప్పింది కూడా అదే.

ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండులో 1882లోనే ఒక చట్టం వచ్చింది. సామాను తమ దగ్గరే ఉంచుకుని దాని మీద కాగితం రాసిచ్చి తెచ్చే అప్పు 30 పౌండ్ల లోపు అయితే ఆ కాగితమే చెల్లదంది. చిన్న అప్పులకు ఇంటి సామాను మీద కన్నేయొద్దన్న ఆలోచన కొత్తదేమీ కాదు.

కోర్టు ముట్టని సామాను

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. కోర్టు డిక్రీ వచ్చి జప్తుకు వచ్చినా సరే, బాకీదారు, భార్యాపిల్లలు కట్టుకునే అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు ముట్టడానికి వీల్లేదు. మత ఆచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగలనూ ముట్టకూడదు. అంటే మన ఇండ్లల్లో పుస్తెలు. చేతిపని చేసేవాళ్ల పనిముట్లు కూడా అంతే, కాబట్టి పుట్టపాకలో మగ్గం, గద్వాలలో మగ్గం జప్తు చేయకూడదు. మా ఎదురింటి కుట్టు మిషన్ కూడా ఆ లెక్కలోకే రావాలి. రైతు అయితే నాగలి, బతుకుదెరువుకు అవసరమని కోర్టు అనుకున్న ఎడ్లు, విత్తనాలు.

ఈ సెక్షన్‌లో నాకు బాగా నచ్చింది 1976 సవరణలో చేర్చిన ఒక చిన్న ఉపవాక్యం. ఈ రక్షణ నాకొద్దు అని ఎవరైనా ఒప్పందం రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. మనిషి అవసరంలో ఉన్నప్పుడు ఎంతకైనా సంతకం పెడతాడని ఆ సవరణ రాసినవాళ్లకు తెలుసు.

మరి పట్టికలో మంచాలు, కుట్టు మిషన్ ఎట్లా చేరాయి? సెక్షన్ 60 కోర్టు ద్వారా వచ్చే జప్తు గురించి మాట్లాడుతుంది. 60 వేల అప్పు కోసం కోర్టుకు పోయేవాళ్లెవరు? వకీలు ఫీజే గిట్టదు. కోర్టు లేకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చిన 2002 సర్ఫాసీ చట్టమూ ఇక్కడ పనికిరాదు, లక్ష రూపాయల లోపు అప్పులను అందులో నుంచి తీసేశారు. బలవంతంగా ఎత్తుకుపోదామంటే, వసూలుకు పహిల్వాన్లను పంపొద్దని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అన్ని దారులూ మూసుకుపోగా పట్టిక మాత్రం కాగితం మీద నిలబడి ఉంది. చట్టప్రకారం దాన్ని అమలు చేయడం ఇంత కష్టమైనప్పుడు, వాకిట్లో నిలబడి చదివి వినిపించడానికి తప్ప ఇంక దేనికి?

సర్ఫాసీ చట్టంలోనే ఇంకో విషయం కనిపించింది. సెక్షన్ 60 కాపాడే ఆస్తులకు ఈ చట్టం వర్తించదని 31వ సెక్షన్ చెబుతుంది. ఆ పక్కనే బ్రాకెట్లో, ఆ అప్పు కిందే ప్రత్యేకంగా చార్జి రాసిచ్చిన ఆస్తులకు ఈ మినహాయింపు లేదనీ చెబుతుంది. 1976లో వద్దనుకునే హక్కు కూడా నీకు లేదన్నారు. 2002 చట్టంలో మాత్రం, నువ్వే రాసిస్తే మాకేం అభ్యంతరం లేదన్నట్టు ఉంది. ఈ రెండింటికీ పొసగదు. నా గొడవంతా ఈ పొసగని చోటే.

తాకట్టు ఉంటే రూలు ఉండదు

ఇక రిజర్వు బ్యాంకు సంగతి. 2022 మార్చిలో మైక్రోఫైనాన్స్ అప్పులకు కొత్త ఆదేశాలు ఇచ్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు మైక్రోఫైనాన్స్ అప్పు అంది. ఆ కుటుంబానికున్న అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వసూలు కోసం పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. మంచి రూళ్లే.

కానీ ఆ నిర్వచనాన్ని ఇంకోసారి చదవండి. తాకట్టు లేనిదే మైక్రోఫైనాన్స్ అప్పు. అంటే, నాకు అర్థమైనంతలో, అదే పేద ఇంటికి ఇచ్చే అప్పుకు ఒక మంచం, ఒక మిక్సీ రాయించుకుంటే అది మైక్రోఫైనాన్స్ అప్పే కాకుండా పోతుంది. సగం ఆదాయం పరిమితీ పోతుంది. పేదలను కాపాడదామని పెట్టిన షరతు, కాపలా లేని దారి ఎటుందో కూడా చూపిస్తోంది. తాకట్టు వస్తువుకు ఫలానా విలువ ఉండాలని అందులో లేదు కాబట్టి రెండు వేల ఫ్రిజ్ అయినా పని జరిగిపోతుంది. అందరూ ఇట్లాగే చేస్తున్నారని నేననడం లేదు. దారి తెరిచి ఉందంటున్నాను.

సడ్డకుడి వాదన

మా సడ్డకుడు కొన్నాళ్లు దేవరకొండ వైపు ఫైనాన్స్ కంపెనీలో ఫీల్డు పని చేశాడు. ఈ విషయంలో నాతో అస్సలు ఒప్పుకోడు.

"అన్నా, నీకు జీతం చిట్టీ ఉన్నది, బ్యాంకు పిలిచి అప్పిస్తది. వాళ్లకేమున్నది? భూమి లేదు, ఉన్నా కాగితాలు తాత పేరు మీదుంటయి. సంఘం లోను ఎప్పుడో తీసుకున్నరు. సామాను కూడా రాయించుకోవద్దంటే మేం అప్పు ఇయ్యం. అప్పుడు వాళ్లు ఎవరి దగ్గరికి పోతరు? నూటికి ఐదు మిత్తికిచ్చేటోని దగ్గరికి."

ఈ మాటను కొట్టిపారేయలేను. పేదవాళ్ల మేలు కోరి పెట్టిన రూలు వాళ్ల ముందే తలుపు మూయడం మన రాష్ట్రంలో ఒకసారి చూశాం. మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సు తర్వాత వేధింపులు ఆగాయి, దాంతో పాటు కొత్త అప్పులు పుట్టడమూ చాలాచోట్ల ఆగిపోయింది. ఆ ఏడాది ఆడవాళ్లు బంగారం పట్టుకుని సేటు దుకాణాల ముందు నిలబడ్డది కూడా నాకు గుర్తుంది.

అందుకే ఆయన్ని ఒక్కటే అడిగాను. నువ్వు పనిచేసినన్నాళ్లలో ఎవరి ఇంట్లో నుంచైనా సామాను ఎత్తుకొచ్చారా అని. "ఒక్కసారి కూడా ఎత్తుకు రాలె. ఎత్తుకుపోతమంటే కట్టేటోళ్లు." ఎక్కడి నుంచి తెచ్చి కట్టేవాళ్లు? కాసేపు ఆగి, "ఏమో, యాడనో తెచ్చేటోళ్లు" అన్నాడు.

ఆ 'యాడనో' ఎక్కడో మా ఇద్దరికీ తెలుసు. నూటికి ఐదు మిత్తి. ఏ గుమ్మం తొక్కకుండా కాపాడుతున్నామని ఆయన అంటున్నాడో, మంచం పట్టిక చూపించి అక్కడికే తోలుతున్నారు. తేడా ఏంటంటే రెండు మిత్తులూ ఇప్పుడు ఒకే ఇల్లు కడుతుంది.

నా సామాను నా ఇష్టం, తాకట్టు పెట్టుకుంటే నీకేంటి అన్నది ఇంకో వాదన. సూత్రంగా చూస్తే ఇదే బలమైనది. అయితే మనిషి ఇష్టపడినా తాకట్టు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయని మన చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. పిల్లల కష్టాన్ని తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని 1933లోనే చట్టం వచ్చింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక, అడ్వాన్సు తీసుకుని మనిషిని పనికి కట్టేసే ఒప్పందాలకు విలువ లేకుండా పోయింది. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిపించుకున్న జిల్లాలో పుట్టినవాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఇష్టపడే వేలిముద్ర వేశారు కదా అని అప్పుడూ అన్నారు. ఆ ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోలేదు. కష్టం చేసి వచ్చిన మనిషి పడుకునే మంచానికి కూడా అదే న్యాయం వర్తించాలంటాను.

బంగారం వేరు

ఇక్కడ చాలామంది బంగారం సంగతేంటని అడుగుతారు. నిజమే, తెలుగు ఇండ్లల్లో తాకట్టు అంటే ముందు బంగారమే. కోర్టు ముట్టకూడని పుస్తెలు గోల్డ్ లోన్ కౌంటర్లో రోజూ తూకానికి వస్తాయి. మెడలో పసుపు కొమ్ము కట్టుకుని పుస్తెలు ఇచ్చి వచ్చిన ఆడవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మరి దాన్నీ నిషేధించాలా?

వద్దంటాను. మొదట్లో నాకూ అటే మొగ్గుండేది. మా చిన్నమ్మతో అంటే నన్ను కసిరింది. "నీకెందుకురా? మీ చిన్నాయన నడిగితే పదిమందికి తెలుస్తది. పుస్తెలు పెడితే నాకూ సేటుకే ఎరుక. మళ్ల ఇడిపించుకున్న, ఇట్లనే మూడుసార్లు పొలంల మందు చల్లిన." ఆమె దృష్టిలో అది అవమానం కాదు, ఎవరినీ దేబిరించకుండా బయటపడే దారి.

గిర్వి పెట్టడానికీ పట్టిక రాసివ్వడానికీ అసలు తేడా కూడా అందులోనే ఉంది. గిర్విలో వస్తువు ఆ రోజే చేయి మారుతుంది. ఆ తర్వాత ఎవరూ ఇంటికి రారు, వాకిట్లో కేకలుండవు. కట్టలేకపోతే నోటీసు ఇచ్చి అమ్ముకుంటారు. పోయేది ముందే ఇచ్చింది మాత్రమే. బంగారానికి నిజమైన ధర ఉంది కాబట్టి దాని మీద రూళ్లూ పెట్టగలిగారు. 2.5 లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం మించకూడదనీ, బాకీ తీరాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వకపోతే ఆలస్యమైన రోజుకు 5 వేలు ఇవ్వాలనీ 2025 ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచానికి ఇట్లాంటి రూలు రాయండి చూద్దాం. విలువలో 85 శాతం అంటే ఎంత?

అమెరికా నియమం కూడా వస్తువు ఇంట్లో ఉంచి రాయించుకునే హక్కునే ఆపింది. కుదువ దుకాణం జోలికి పోలేదు. అది సరైన గీత.

కిస్తీల ఫ్రిజ్

కిస్తీల మీద కొన్న ఫ్రిజ్‌ను కిస్తీ కట్టకపోతే తీసుకుపోవచ్చా? పోవచ్చనే అంటాను, అంత సంతోషంగా కాకపోయినా. ఆ ఫ్రిజ్ ఇంట్లోకి వచ్చిందే ఆ అప్పు వల్ల. ఇది కూడా వద్దంటే షోరూంలో కిస్తీలే ఉండవు, మా బడిలో సగం మంది టీచర్ల ఇండ్లల్లో ఏసీలూ ఉండవు.

కానీ ఆ హక్కు ఆ ఒక్క ఫ్రిజ్ దగ్గరే ఆగాలి. వాషింగ్టన్‌లో వాకర్ థామస్ అనే ఫర్నిచర్ దుకాణం దగ్గర ఓరా లీ విలియమ్స్ అనే ఆమె 1957 నుంచి కిస్తీల మీద సామాను కొంటూ వచ్చింది. 1962లో 514 డాలర్ల స్టీరియో కొని కిస్తీలు తప్పింది. దుకాణం స్టీరియో ఒక్కటే అడగలేదు. అన్ని కొనుగోళ్ల బాకీ పూర్తిగా తీరేదాకా ఏ వస్తువు బాకీ కూడా పూర్తిగా తీరనట్టే లెక్కగట్టే షరతు ఒప్పందంలో ఉంది, కాబట్టి ఐదేండ్ల సామానంతా కావాలంది. ప్రభుత్వం నుంచి నెలకు 218 డాలర్లు వస్తే తప్ప ఆమెకు గడవదని దుకాణానికి తెలుసు, ఒప్పందం వెనకవైపే రాసుంది. 1965లో అప్పీలు కోర్టు, ఇంత అన్యాయమైన షరతును కోర్టు అమలు చేయాల్సిన పని లేదంటూ కేసును తిరిగి విచారణకు పంపింది. లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెప్పే కేసు.

మన దగ్గర పాత కిస్తీ నడుస్తుండగానే అదే ఖాతా మీద 'టాప్ అప్' అని నగదు ఇస్తామంటూ ఫోన్లు వస్తుంటాయి. ఫ్రిజ్ బాకీ, నగదు బాకీ ఒకే ఖాతాలో కలిసిపోతే కిస్తీలో ఏ రూపాయి దేనికి పోయిందో ఎవరు తేల్చాలి? విలియమ్స్ చిక్కు సరిగ్గా ఇదే. ముందు కొన్నదాని బాకీ ముందు తీరినట్టు లెక్కగట్టాలని రూలు పెడితే సగం గొడవ పోతుంది.

జాబితాలు పాతబడతాయి

అమెరికా వాళ్ల దివాలా చట్టంలో కూడా ఇంటి సామాను జాబితా ఉంది. 2005లో సవరించినప్పుడు ఒక కంప్యూటర్, పిల్లల చదువు సామాను, వాళ్ల ఆటబొమ్మలు చేర్చారు. ఒక వీసీఆర్ కూడా చేర్చారు! అప్పటికే డీవీడీలు వచ్చి ఏండ్లయింది. మన 1908 జాబితాలో మంచం ఉంది, ఫ్యాన్ లేదు. మే నెలలో మిర్యాలగూడలో ఫ్యాన్ లేకుండా మంచం ఉండి ఏం లాభం?

అందుకే వస్తువుల పేర్లు పేర్చుకుంటూ పోవడం కంటే, ఇంటివాళ్లు రోజూ వాడుకునే సామాను అని రాసి, ఖరీదైన రెండో టీవీ లాంటివి తీసేస్తే సరిపోతుందనుకుంటాను. అప్పుడు ఫోన్ కూడా అందులోకి వస్తుంది. కిస్తీ కట్టకపోతే ఫోన్‌ను దూరం నుంచే లాక్ చేసే యాప్‌లు వచ్చాయి. దీనికి షరతులతో అనుమతిచ్చే ఆలోచనలో రిజర్వు బ్యాంకు ఉందని 2025లో వార్తలొచ్చాయి. ఆ ఫోన్ కొనడానికే తీసుకున్న అప్పు కదా, నీ లెక్క ప్రకారమే తప్పులేదు కదా అనొచ్చు. ఇక్కడ నాకూ తేల్చుకోవడం కష్టంగానే ఉంది. ఫ్రిజ్ పోతే కూరగాయలు పాడవుతాయి. ఫోన్ లాకయితే ఆటో నడిపే మనిషికి గిరాకీ రాదు, కిరాయి డబ్బు పడదు. కిస్తీ కట్టడానికి ఉన్న దారినే మూసేస్తున్నారు. ఫోన్‌ను తిరిగి తీసుకునే హక్కు ఉండనివ్వండి, మనిషి చేతిలో ఉండగా లాక్ చేసే హక్కు మాత్రం వద్దంటాను. ఈ రెండింటికీ తేడా లేదనేవాళ్లు కామెంట్లలో ఎట్లాగూ వస్తారు.

ఎవరు రాయాలి

విచిత్రం ఏమిటంటే, ఈ రూలు ఒకసారి మనమే రాసుకున్నాం. 2010 మైక్రోఫైనాన్స్ చట్టంలో రిజిస్ట్రేషన్లు, అనుమతుల గందరగోళం మధ్య ఒక సాఫీ నిబంధన ఉంది. మైక్రోఫైనాన్స్ సంస్థ అప్పుకు ఎట్లాంటి తాకట్టూ అడగకూడదు, ఇదివరకు తీసుకున్న తాకట్టు ఏదైనా ఉంటే అది విడుదలైనట్టే. ఆ చట్టంలో తప్పుపట్టాల్సినవి చాలా ఉన్నాయి కానీ ఇది కాదు. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు అంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఆ దారిలోనే మన చట్టం కూడా వాటికి వర్తించదంది. చెడ్డ నిబంధనలతో పాటు ఇదీ కొట్టుకుపోయింది.

కాబట్టి ఇక హైదరాబాదులో అసెంబ్లీ ఏం రాసినా ఈ కంపెనీలకు తగలదు. రిజర్వు బ్యాంకే రాయాలి. పార్లమెంటు దాకా పోయే పని కూడా లేదు, కంపెనీలకు ఇచ్చే ఆదేశాల్లో ఒక పేరా చాలు. కొత్తగా ఆలోచించక్కర్లేదు, 2010 నాటి ఆ నిబంధననే తెచ్చి అన్ని నగదు అప్పులకూ వర్తించేలా పెట్టుకోవచ్చు. అయితే దాని రెండో సగాన్ని, ఇదివరకటి తాకట్టు విడుదలైనట్టే అన్న మాటను, వదిలిపెట్టకూడదు. ఇకముందు ఇచ్చే అప్పులకే అని రాస్తే, ఇప్పటికే ఫోటోలు తీసుకున్న మంచాలన్నీ కిస్తీలు తీరేదాకా కంపెనీ పట్టికల్లోనే ఉంటాయి.